రేపటి వీడియో ఆటలు: ఆడేవాళ్ళమా, చేసేవాళ్ళమా?

(సైన్సు పేజీ)



ఈ నెల సైన్సు పేజీ రాయడం నా వంతు వచ్చింది. నేను వీడియో ఆటల గురించి రాస్తున్న. "హాస్టల్ల మనకు ఫోనే లేదు, ఈ ముచ్చట మనకెందుకే?" అని మా రూం పిల్లలు అడిగిన్రు. సెలవులకు ఇంటికి పోతే మనం ఏం చూస్తున్నం? అన్నలు, తమ్ముళ్ళు చెట్టు కింద వరుసగా కూర్చొని ఫోన్లు ఒత్తుతుంటరు. ఆడపిల్లల చేతికి ఫోను రాదు. మనం వెనక నిలబడి చూస్తం. అది ఎట్ల పని చేస్తదో ఆడేవాళ్ళకూ తెలువదు, చూసేవాళ్ళకూ తెలువదు. తెలువని దానికి భయపడుడు, తెలువని దాని వెంబడి ఉరుకుడు రెండూ మంచివి కావు. అందుకే ఈ పాఠం.

పాఠం పొడుగైంది, రెండు చార్టుల మీద రాసిన. ఒక్కసారి కాకపోతే రెండుసార్లు నిలబడి చదవండి.

1. వీడియో ఆట అంటే ఏమిటి?

మనందరికీ పులి–మేక ఆట తెలుసు. బండ మీద బొగ్గుతో గీతలు గీస్తం. గులకరాళ్ళు పులులు, చింతగింజలు మేకలు. మా ఊర్ల ఆడే ఆటలో 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు ఉంటయి. పులి పక్కన మేక ఉండి, మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి మేకను తింటది. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా చేస్తే మేకలు గెలిచినట్టు.

ఇదే ఆటను కంప్యూటర్‌కు చెప్పాలంటే ఎట్ల? దానికి పులి తెలువదు, మేక తెలువదు. అంకెలే తెలుసు. కాబట్టి 23 చోట్లకు 1 నుంచి 23 వరకు నంబర్లు ఇస్తరు. ఏ నంబరు పక్కన ఏ నంబరు ఉందో రాసి పెడతరు. ఖాళీ అయితే 0, మేక ఉంటే 1, పులి ఉంటే 2. తరువాత రూలు ఇట్ల రాస్తరు: పక్క చోటులో 1 ఉండి, దాని వెనక చోటులో 0 ఉంటే దూకవచ్చు. లేకపోతే దూకరాదు. ఈ "ఉంటే", "లేకపోతే" అనేవే ప్రోగ్రాం. ఎంత పెద్ద వీడియో ఆట అయినా లోపల ఇట్లాంటి వాక్యాలే వేలు, లక్షలు ఉంటాయి.

వీడియో ఆట మూడు పనులను తిప్పి తిప్పి చేస్తూ ఉంటుంది.
(అ) ఆడేవాళ్ళు ఏం ఒత్తిన్రో చూస్తది.
(ఆ) రూలు ప్రకారం ఏం జరగాలో లెక్క చేస్తది.
(ఇ) కొత్త బొమ్మ గీస్తది.

చాలా ఆటల్లో ఈ మూడు పనులు ఒక్క సెకనులో 60 సార్లు జరుగుతాయి. అందుకే మనకు బొమ్మ కదిలినట్టు కనిపిస్తది.

మనం తొమ్మిదో తరగతి లెక్కల్లో నిరూపక జ్యామితి చదువుతున్నం కదా. ఎక్స్ అక్షం, వై అక్షం ఎందుకు పనికొస్తయని మనలో చాలా మంది విసుక్కుంటరు. ఆటలో ప్రతి బొమ్మ ఎక్కడుందో కంప్యూటర్ ఆ రెండు అంకెలతోనే గుర్తు పెట్టుకుంటది. బొమ్మ ఎగిరి దూకితే కిందికి ఎంత వేగంతో రావాలో లెక్క కట్టేది చలన సమీకరణంతోనే, అదే మన భౌతిక శాస్త్రంలో ఉన్న వి = యు + ఎ టి. లెక్కలు లేని వీడియో ఆట ఒక్కటి కూడా లేదు.

2. ఎక్కడ మొదలైంది?

1958లో అమెరికాలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త తమ ప్రయోగశాల చూడవచ్చిన జనం కోసం చిన్న తెర మీద టెన్నిస్ ఆట చేసిండు. 1962లో అక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పిల్లలు "స్పేస్‌వార్" అనే ఆట చేసిన్రు. 1972లో "పాంగ్" అనే ఆట అంగళ్ళల్లో పైసలు వేసి ఆడే యంత్రంగా వచ్చింది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ "టెట్రిస్" చేసిండు. 1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చింది. ఆ పాము ఆటను మన బాపులు కూడా ఆడి ఉంటరు, అడిగి చూడండి. 2016లో తక్కువ ధర ఇంటర్నెట్ వచ్చినంక మన ఊర్లకు కూడా ఆటలు ఫోను మీదనే వచ్చినయి.

మీకు తెలుసా? లూడో మనదే. మన దేశంలో పాత కాలం నుంచి పచ్చీసు ఆట ఉంది. మనం గవ్వలతో ఆడే అష్టాచెమ్మ కూడా అసొంటిదే. ఆ పచ్చీసును కొద్దిగా మార్చి లూడో పేరుతో ఇంగ్లాండులో పేటెంటు చేసుకున్నరు. మళ్ళీ 2016లో మన దేశం కంపెనీ దాన్ని ఫోనులోకి తెచ్చింది. 2020లో కరోనా లాక్‌డౌన్‌ల అందరూ అదే ఆడిన్రు. మన ఇంటి ఆట సముద్రం దాటి పోయి, వేరే పేరు పెట్టుకొని, మళ్ళీ మన ఇంటికి చుట్టంలాగ వచ్చింది.

3. ముందు ముందు రాబోయేవి

(అ) దూరం నుంచి ఆడే ఆట

మంచి ఆటలకు ఖరీదైన యంత్రం కావాలి. మన దగ్గర అంత ఖరీదు యంత్రం లేదు. కాని ఆ యంత్రం హైదరాబాదులోనో బొంబాయిలోనో ఉండి, లెక్కలన్నీ అక్కడ జరిగి, బొమ్మ మాత్రమే మన ఫోనుకు వస్తే? దీన్ని క్లౌడ్ గేమింగ్ అంటారు.

ఇందులో చిక్కు ఏమిటంటే ఆలస్యం. మనం ఒత్తిన సంగతి అక్కడికి పోవాలి, బొమ్మ వెనక్కి రావాలి. ఒక లెక్క చేద్దాం. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాగజ్‌నగర్ నుంచి హైదరాబాదుకు రైలు దారి సుమారు 300 కిలోమీటర్లు. పోయి రావడం 600. 600ను 2,00,000తో భాగిస్తే 0.003 సెకను. అంటే సెకనులో వెయ్యో భాగాలు మూడు. ఒక్క బొమ్మ గీసే టైం 16 లేదా 17 వెయ్యో భాగాలు. అంటే దూరం వల్ల ఆలస్యం కాదు. టవరు కాడ, నడుమ ఉన్న యంత్రాల కాడ ఆగుడు వల్ల ఆలస్యం అయితది. గూగుల్ కంపెనీ 2019లో స్టేడియా అని ఇట్లాంటిది మొదలు పెట్టి, జనం ఎక్కువ చేరక 2023 జనవరిలో మూసేసింది. మన దేశంలో 2022 అక్టోబర్‌లో 5జి మొదలైంది. కాని మా ఊర్ల ఇప్పటికీ గుట్ట ఎక్కితే గాని సిగ్నల్ దొరకదు. రేపటి ఆట ముందుగా ఎవరికి చేరుతదో టవరు చెప్తది.

(ఆ) కండ్లకు పెట్టుకునే ఆట

వర్చువల్ రియాలిటీ అంటే కండ్లకు పెద్ద అద్దాల లాంటిది కట్టుకొని ఆడడం. మన రెండు కండ్లు ఒకే వస్తువును కొద్దిగా తేడాతో చూస్తయి. ఒక కన్ను మూసి, వేలు చూడండి. తరువాత ఇంకో కన్ను మూసి చూడండి. వేలు జరిగినట్టు అనిపిస్తది. ఆ తేడాతోనే మెదడు దూరం కనిపెడతది. ఆ అద్దాలు కూడా రెండు కండ్లకు రెండు వేరు బొమ్మలు చూపిస్తాయి. అందుకే మనం నిజంగా ఆ చోటులో నిలబడినట్టు అనిపిస్తుంది. 2016 నుంచి ఇవి అంగట్లో అమ్ముతున్నారు.

వీటితో కొందరికి తల తిరుగుతది. మనకు బస్సుల పుస్తకం చదివితే వాంతి వస్తది కదా. చెవి లోపలి భాగం "కదులుతున్నం" అని చెప్తది, కన్ను "పుస్తకం కదలడం లేదు" అని చెప్తది. అద్దాలలో దీనికి ఉల్టా. కన్ను కదులుతున్నం అంటది, చెవి లేదు అంటది.

ఇంకోటి ఆగ్‌మెంటెడ్ రియాలిటీ. అంటే నిజమైన చోటు మీదనే బొమ్మ కనిపించడం. 2016లో పోకెమాన్ గో అనే ఆట ఇట్లనే వచ్చింది. ఫోను కెమెరా తెరిస్తే నిజమైన రోడ్డు మీద ఆట జంతువు కనిపిస్తది. దాని కోసం జనం ఊరంతా నడిచిన్రు. ఈ పద్ధతి చదువుకు పనికొస్తది. విమానం నడిపేవాళ్ళు ఇప్పటికే నేల మీద ఉత్తుత్తి విమానంలో కూర్చొని నేర్చుకుంటున్నరు.

(ఇ) ఆట నేర్చుకునే యంత్రం

1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. అది మనుషులు రాసిన రూళ్ళతో, ఎత్తులను చాలా వేగంగా లెక్క చేసి ఆడింది. 2016లో ఆల్ఫాగో అనేది గో అనే ఆటలో కొరియా ఆటగాడు లీ సెడోల్‌ను 4–1తో ఓడించింది. ఇది మనుషులు ఆడిన ఆటలు చూసి నేర్చుకొని, తరువాత తనతో తానే లెక్కలేనన్ని సార్లు ఆడి ఇంకా నేర్చుకుంది. దీనినే కృత్రిమ మేధ అంటున్నారు.

ఆల్ఫాగో చేసిన సంస్థ పెద్ద డెమిస్ హసాబిస్. ఆయన చిన్నప్పుడు చదరంగం ఆడేవాడు. 17 ఏండ్ల వయసులో థీమ్ పార్క్ అనే వీడియో ఆట తయారీలో పని చేసిండు. ఆ ఆట 1994లో వచ్చింది. 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. మన శరీరంలోని ప్రోటీన్లు ఏ ఆకారంలో మడత పడతాయో కంప్యూటర్‌తో కనిపెట్టినందుకు ఇచ్చిన్రు. ఆట చేసుడు చదువుకు అడ్డం అనేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

ఇంకో విశేషం. ఆటల బొమ్మలు వేగంగా గీయడానికి ప్రత్యేకంగా చిప్పులు చేసిన్రు. 2012లో కెనడాలో పరిశోధకులు అట్లాంటి ఆటల చిప్పులు రెండు పెట్టి, ఫోటోలో ఏమున్నదో గుర్తుపట్టుడు కంప్యూటర్‌కు నేర్పిన్రు. ఈనాటి ఏఐ ఆ చిప్పుల మీదనే పెరిగింది. 2024లో గూగుల్ పరిశోధకులు 1993 నాటి డూమ్ ఆటను ఏఐతోనే నడిపి చూపించిన్రు. అందులో రూళ్ళు ఎవరూ రాయలేదు. ఆడేవాళ్ళు ఒత్తిన దాన్ని బట్టి తరువాత బొమ్మ ఎట్ల ఉండాలో ఏఐ ఊహించి గీసింది.

ముందు ముందు "నాకు అడవి ఆట కావాలె" అని చెప్తే యంత్రమే ఆట చేసి ఇచ్చే రోజు రావచ్చు. కాని ఆ అడవి ఎట్లుంటది? యంత్రం ఏ బొమ్మలు చూసి నేర్చుకుందో ఆ అడవే గీస్తది. ఇప్పపూలు ఏరే అడవి, తునికాకు తెంపే అడవి దానికి ఎవరూ చూపించకపోతే దానికి తెలువదు.

(ఈ) మన భాష మాట్లాడే ఆట

మా ఇంట్ల గోండి మాట్లాడతం. మన హాస్టల్ల కొలామి మాట్లాడే నేస్తాలు కూడా ఉన్నరు. నేను బడికి వచ్చినంకనే తెలుగు సరిగా నేర్చుకున్న. మా అవ్వ, బాపు బడికి పోలేదు. ఫోను ఆటలు ఎక్కువగా ఇంగ్లీషులో, హిందీలో ఉంటయి. "జంప్", "ఫైర్" అని మా తమ్మునికి అక్షరాలు రాకముందే వచ్చినయి.

కంప్యూటర్ తెర మీద ఒక లిపి కనిపించాలంటే ప్రతి అక్షరానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరు ఉండాలి. ఆ నంబర్ల పట్టికను యూనికోడ్ అంటారు. మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు దొరికినయి. ఆ గుంజాల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు ఎవరైనా ఆట చేస్తే అందులో మన అక్షరాలు రాయవచ్చు. 2025 సెప్టెంబర్ 1న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ "ఆది వాణి" అనే అనువాద యాప్‌ను తెచ్చింది. సంతాలి, భీలి, ముండారి, గోండి భాషలతో మొదలైంది. దాన్ని చేసిన సంస్థల్లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. అందులోని గోండి ఛత్తీస్‌గఢ్ వైపుది. మన వైపు పలుకుబడి కొంచెం వేరు. మన మాటలు యంత్రానికి నేర్పే పని ఇంకా మిగిలి ఉంది.

4. ఒక నూనా అనే పిల్ల

ప్రపంచం ఉత్తరం కొసన అలాస్కా ఉంది. మంచు ప్రాంతం. అక్కడ ఇనుపియాట్ అనే ఆదివాసులు ఉంటారు. అక్కడి ఆదివాసుల సంస్థ ఒకటి వీడియో ఆటలు చేసే వాళ్ళతో కలిసి 2014లో "నెవర్ అలోన్" అనే ఆట చేసింది. వాళ్ళ భాషలో దాని పేరు "కిసిమా ఇంగిచునా". ఒంటరిని కాను అని అర్థం. అందులో నూనా అనే ఆడపిల్ల, ఒక తెల్ల నక్క కలిసి పోతరు. ఆగకుండా మంచు తుఫాను ఎందుకు వస్తున్నదో కనుక్కునేందుకు పోతరు. కథ చెప్పే గొంతు వాళ్ళ భాషలోనే వినిపిస్తది. ఆట నడుమ నడుమ వాళ్ళ పెద్దమనుషులు తమ బతుకు గురించి చెప్పే చిన్న వీడియోలు వస్తయి. కథను పెద్దలను అడిగి, వాళ్ళు ఒప్పుకున్న తీరుగ చేసిన్రు.

ఇది చదివినప్పుడు నేను రెండు సంగతులు అనుకున్న. ఒకటి, ఆదివాసులు ఆట చేయగలుగుతరు. రెండు, ఆ ఆటలో ఆడపిల్ల వెనక నిలబడి చూడదు, ముందు నడుస్తది.

5. రూలు ఎవరిది? (జాగ్రత్త)

మా బంధువుల ఇంట్ల ఒక అన్న ఫోనుల పైసలు పెట్టి ఆడే ఆట ఆడిండు. మొదటి రోజు గెలిచిండు. తరువాత పత్తి అమ్మిన పైసలు అందులోనే పోయినయి. వాళ్ళ అవ్వ చెవుల కమ్మలు సావుకారి దగ్గర పెట్టి విత్తనాలు కొన్నరు. "వానికి అదృష్టం లేదు" అన్నరు ఊర్ల. అదృష్టం కాదు, లెక్క. చూడండి.

ఇద్దరు చెరి 10 రూపాయలు పెట్టి ఆడిన్రు అనుకోండి. గెలిచినవాళ్ళకు 18 ఇచ్చి, ఆట పెట్టినవాళ్ళు 2 తీసుకుంటరు. ఇద్దరూ సమానంగా ఆడేవాళ్ళే. 100 ఆటలు ఆడితే సంభావ్యత ప్రకారం చెరి 50 గెలుస్తరు. ఒక్కొక్కరు పెట్టింది 1000. వచ్చింది 50 సార్లు 18, అంటే 900. ఇద్దరికీ చెరి 100 పోయింది. ఆట పెట్టినవాళ్ళకు 200 వచ్చింది. వాళ్ళు ఒక్క ఎత్తు కూడా వేయలేదు. రూలు రాసిన్రు, అంతే.

ఇంకా ఎప్పుడు గెలుస్తమో తెలువకుండా అప్పుడప్పుడు గెలుపు ఇస్తే మనిషి ఆపలేడు. గాలం వేసి కూర్చున్న మనిషి "ఇంకొక్క చేప" అని లేవనట్టే. పైసలు పెట్టని ఆటల్లో కూడా ఈ ఉపాయం వాడుతరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆటల వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది, 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమలులోకి వచ్చింది. అందరికీ ఆ జబ్బు ఉన్నట్టు కాదు. తిండి, నిద్ర, చదువు, పని అన్నీ విడిచి ఆపుకోలేకపోతే జబ్బు.

చట్టాలు కూడా వచ్చినయి. తెలంగాణలో 2017లోనే పైసల ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పైసల ఆటలు నడిపేవాళ్ళకు 3 ఏండ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. పైసలు లేని ఆటలను, పోటీగా ఆడే ఈ–స్పోర్ట్స్‌ను మాత్రం ఆ చట్టమే ప్రోత్సహించాలంది. చైనాలో 2021 నుంచి 18 ఏండ్ల లోపు పిల్లలు శుక్ర, శని, ఆదివారాలు, పండుగ రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకానే ఆన్‌లైన్ ఆట ఆడాలని నియమం పెట్టారు. మన హాస్టల్ స్టడీ అవర్ కంటే గట్టి రూలు!

6. మనం చేసిన ఆట

ఆట చేయాలంటే ముందు కంప్యూటర్ కావాలని లేదు. పెద్ద కంపెనీల వాళ్ళు కూడా చాలాసార్లు ముందు కాగితం మీద గీసి ఆడి చూస్తరట. మనకు కాగితం కరువా? మన ఊరి పేరే కాగితం ఊరు. సిర్పూర్ పేపర్ మిల్లులో 1942 నుంచి కాగితం వచ్చింది. మిల్లు 2014లో మూతపడి, 2018లో మళ్ళీ తెరుచుకుంది.

మా తొమ్మిదో తరగతి పిల్లలం నోటు బుక్కు నడిమి కాగితం మీద "పత్తి చేను" అనే ఆట గీసినం. ఎందుకు ఈ ఆటనే? 2024 నవంబర్‌లో మన కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పని చేస్తున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. అదే ఏడు జనవరిలో మన అడవిలో రెండు పులులు చనిపోయినయి. విషం పెట్టిన సంగతి బయటపడి కేసు అయ్యింది. మహారాష్ట్ర తడోబా దిక్కు నుంచి పులులు మన అడవి దారినే వస్తయి. పత్తి ఏరే కాలం వస్తే మా అవ్వ పొద్దుగూకే దాకా ఇంటికి రాకపోతే నాకు ఇక్కడ హాస్టల్ల అన్నం పోదు. చానా మందికి ఇట్లనే ఉంటది.

ఆట రూళ్ళు:
• పులి–మేక బొమ్మనే గీయాలి. కింది వరుస ఊరు, నడుమ చేను, పైన అడవి.
• ఒక పులి, ఆరుగురు పత్తి ఏరేవాళ్ళు.
• ఏరేవాళ్ళు ఊరి నుంచి చేనుకు పోయి, ఒక ఎత్తు ఆగి పత్తి ఏరి, మళ్ళీ ఊరికి రావాలి.
• 40 ఎత్తులు అయితే పొద్దు గూకినట్టు. అప్పటికి బయట ఉన్నవాళ్ళ పత్తి లెక్కకు రాదు.
• ఒంటరిగా ఉన్న మనిషి పక్కకు పులి వస్తే ఆమె గంప పారేసి ఇంటికి ఉరుకుతది. ఇద్దరు పక్కపక్కన ఉంటే పులి ఒక చోటు వెనక్కి పోతది.
• పులిని అన్ని దిక్కులా మూసేస్తే ఏరేవాళ్ళు ఓడినట్టే.

చివరి రూలు చూసిన్రా? పాత పులి–మేకలో పులిని మూసేస్తే గెలుపు. ఇందులో మూసేస్తే ఓటమి. పులికి దారి లేకపోతే అది ఊర్లెకే వస్తది కదా.

మొదటిసారి ఆడితే ఆరుగురూ గుంపుగా కదిలి అలుకగా గెలిచిన్రు. అందుకే ఒక ఎత్తుకు ఒక్కరే కదలాలని రూలు చేర్చినం. అప్పుడు అసలు ఆలోచన మొదలైంది. ఎవరిని ముందు పంపాలె, ఎవరి కోసం ఆగాలె అని అందరూ గొడవ పడిన్రు. కొలాం నేస్తం ఒకామె "పులికి నీళ్ళెక్కడ?" అని అడిగింది. మాకు ఎవరికీ తట్టలేదు. పైన ఒక చోటును చెలిమ చేసినం. అయిదు ఎత్తులకు ఒకసారి పులి అక్కడికి పోవాలె. ఆమె అడిగిన ఒక్క ప్రశ్నతో ఆట మారిపోయింది. ఇట్లాంటి ప్రశ్న అడవి తెలిసినవాళ్ళే అడుగుతరు.

కెస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళ కోసం నడిచి పోయేది కూడా ఆట చేద్దామని ఒకరు అన్నరు. అది దేవుని పని. పెద్దలను అడిగి, వాళ్ళు వద్దంటే విడిచిపెట్టాలె. అలాస్కా వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఇదే.

7. ఇంకేం కావాలె?

ఒక వీడియో ఆట చేయడానికి కథ రాసేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు, పాట, చప్పుడు చేసేవాళ్ళు, ప్రోగ్రాం రాసేవాళ్ళు, ఆడి తప్పులు పట్టేవాళ్ళు కావాలి. డప్పు, పెప్రె వాయించే చుట్టాలు ఉన్నవాళ్ళు, గోడలకు ముగ్గులు వేసేవాళ్ళు మనలోనే ఉన్నరు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద ఆటల కంపెనీ పని చేస్తున్నది. 2016లో మన రాష్ట్ర ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగం కోసం "ఇమేజ్" అని ప్రత్యేక విధానం తెచ్చింది. అంటే ఇది నిజమైన కొలువు, టైంపాస్ కాదు.

ప్రోగ్రాం నేర్చుకోవడానికి "స్క్రాచ్" అనేది ఉంది. అమెరికాలోని ఎంఐటీ వాళ్ళు పిల్లల కోసం 2007లో ఇచ్చిన్రు. పైసలు లేవు. ముక్కలను ఒకదానికి ఒకటి అతికించినట్టు "ఉంటే", "లేకపోతే" పేర్చాలి. ఒకసారి కంప్యూటర్‌లో ఎక్కిస్తే ఇంటర్నెట్ లేకున్నా పని చేస్తది.

కాబట్టి వార్డెన్ మేడంకు మా తరగతి మనవి: ఆదివారం పొద్దున బట్టలు ఉతుకుడు అయినంక ఒక గంట కంప్యూటర్ గది తెరవండి. ఆడనీకి కాదు, చేయనీకి. ఇంటర్నెట్ అక్కర లేదు. ఒక్కో కంప్యూటర్ కాడ ముగ్గురం కూర్చుంటం. తాళంచెవి, పేర్ల రిజిస్టరు మా క్లాసు లీడర్ చూసుకుంటది. మొదటి పని "పత్తి చేను" ఆటను తెర మీదికి ఎక్కించుడు. గొంతు గోండిలో, కొలామిలో, తెలుగులో పెడతం.

చెల్లెండ్లకు పని: మీ ఊర్ల ఆడే ఒక ఆట పేరు, దాని రూళ్ళు ఒక కాగితం మీద రాసి ఈ చార్టు కింద అతికించండి. రాయరానిది ఉంటే మాకు చెప్పండి, మేం రాస్తం. అవ్వలను, తాతలను అడిగి రాసినవి ముందు పెడతం.

ఆలోచించండి (జవాబులు వచ్చే సంచికలో):
1. 15 మేకల్లో ఎన్ని పోతే మేకలు ఇక గెలువలేవు? ఆడి చూసి చెప్పండి.
2. ఒక ఆట సెకనుకు 30 బొమ్మలు గీస్తే ఒక్క బొమ్మకు ఎంత టైం?
3. 20 రూపాయల పందెంలో ఆట పెట్టినవాళ్ళు 3 తీసుకుంటే, 100 ఆటలకు ఇద్దరిలో ఒక్కొక్కరికి ఎంత పోతది?
4. "పత్తి చేను" ఆటలో పులి దిక్కు నుంచి ఆడితే గెలుపు అంటే ఏమిటి? ఈ రూలు మేం ఇంకా రాయలేదు. మీరు రాయండి.

— తొమ్మిదో తరగతి, సైన్సు పేజీ